ఇంటూ గుర్తు దుంగలు

నాకు ప్రశ్నల పిచ్చి. పెళ్ళయి అత్తారింట్లో అడుగుపెట్టిన వారానికే మా అత్తయ్య నాకు 'ప్రశ్నల బుట్ట' అని పేరు పెట్టేసింది. "పుట్టగానే అందరు పిల్లల్లాగే ఏడ్చావా, లేకపోతే ఎందుకు పుట్టించావని మీ అమ్మని నిలదీశావా?" అనేది. ఆ మొదటి వానాకాలంలోనే నేను అడిగిన ఒక ప్రశ్న మా ఇంటిని పట్టి కుదిపేసింది. అడక్కుండా ఉంటే బాగుండేదని చాలా రోజులు కుమిలిపోయాను. ఇప్పుడు అలా అనుకోను.

మా మామయ్య కలప డిపో తరఫున అడవిలో దుంగలు కొట్టి చూసే మనిషి. చెట్టు పడగొట్టి, కొమ్మలు నరికి, దుంగ చేశాక అది లోపల గట్టిగా ఉందో పుచ్చిపోయిందో పైకి తెలియదు. మామయ్య వచ్చి దుంగ కొస మీద సుత్తితో ఒక్క దెబ్బ వేసి, చెవి ఆనించి వినేవారు. లోపలి చేవ బాగుంటే ఖంగుమని మోగుతుంది. పుచ్చిపోయి ఉంటే మొద్దుగా పలుకుతుంది. ఖంగుమన్నదాని మీద సుత్తి వెనకవైపుతో ఆకు ముద్ర కొడితే అది లారీ ఎక్కుతుంది. ఆ లారీ నడిపేది మా ఆయన. మొద్దుగా పలికినదాని మీద ఉలితో ఇంటూ గుర్తు పెట్టి, కింద ఆ ఏడాది అంకెలు చెక్కి, బండి బాట పక్కకి దొర్లించి వదిలేస్తారు. "అది అడవి వాటా" అనేవారు మామయ్య.

ముప్పై ఏళ్ళుగా ఆయన చెవికి తిరుగులేదు. ఒక్క అత్తయ్యకే ఆ చెవి మీద ఫిర్యాదు. "దుంగలు చెప్తే వింటారు. నేను చెప్తే మాత్రం చెవికెక్కదు. పెళ్ళయినప్పటి నుంచీ ఇదే వరస" అని రోజుకి పదిసార్లైనా అనేది. మామయ్య నవ్వి ఊరుకునేవారు. పిలిచినా పలక్కపోతే, అత్తయ్య నావైపు తిరిగి "చూశావా?" అన్నట్టు తలాడించేది. నేనూ నవ్వేదాన్ని.

ఆ ఏడాది ఊరంతా వంతెన కోసం ఎదురుచూస్తోంది. ఊరికీ బడికీ మధ్య ఒక వాగు. దాని మీదున్న పాత చెక్క వంతెన కిందటి వరదకి కొట్టుకుపోయింది. పిల్లలు మూడు మైళ్ళు చుట్టు తిరిగి బడికెళ్తున్నారు. కొత్త వంతెన కోసం వాగుకి అడ్డంగా పరచడానికి నాలుగు పొడవాటి దుంగలు కావాలి. "ఆకు ముద్ర లేని కర్ర నా వంతెన మీదకి ఎక్కదు" అని వంతెన మేస్త్రి ముందే చెప్పేశాడు. వానలు మొదలవడానికి ముందు మామయ్య నాలుగు దుంగలు ఏరి ముద్ర కొట్టి పంపారు. మా ఆయన ఆ రోజు లారీ చాలా జాగ్రత్తగా నడిపాడట, పిల్లలే ఎక్కి కూర్చున్నట్టు.

మామయ్యకి మధ్యాహ్నం కేరియర్ పట్టుకెళ్ళడం నా పని. ఇంటి నుంచి చెట్లు కొట్టే చోటికి బండి బాటలో అరగంట నడక. ఆ బాటకి రెండు వైపులా ఇంటూ గుర్తు దుంగలు. వానలు పడటం మొదలయ్యాక, పదో రోజో పన్నెండో రోజో, ఆ దుంగల మీద ఏవో మొలవడం మొదలుపెట్టాయి. కేరియర్ రాయి మీద పెట్టి, దుంగ పక్కన చతికిలబడిపోయాను.

ఒకదాని మీద వేలి గోరంత తెల్లటి విసనకర్రలు. కింద తిప్పి చూస్తే పుస్తకంలో కాగితాల్లా గీతలు. ఇంకోదాని మీద చారల చారల అరలు, ఒకదాని నెత్తిన ఒకటి. మరోదాని మీద మెత్తగా, వేలితో నొక్కితే వణికే గోధుమరంగు తమ్మెలు. అచ్చం పసిపిల్లల చెవులే. బాగా పాత దుంగ ఒకటి నా అరచేతి దెబ్బకే గళ్ళు గళ్ళుగా విరిగింది. ఆ విరిగిన చోట గుండీలంత నారింజరంగు గిన్నెలు, ఒక్కోదాంట్లో ఒక్కో వాన చుక్క.

ఆ రోజు కేరియర్ గంట ఆలస్యంగా చేరింది. మామయ్య కోప్పడలేదు. నా మోకాళ్ళ మీది మట్టి చూసి, "ఎక్కడైనా పడ్డావా అమ్మాయ్?" అన్నారు.

"లేదు మామయ్యా. కుక్కగొడుగులు చూస్తూ కూర్చుండిపోయాను."

ఆయన సరిగా విన్నారో లేదో, నా నోటి వంకే చూస్తున్నారు. నేను ఒళ్ళో దాచుకొచ్చిన రెండు మూడు తీసి చూపించాను. ఆయన మొహం వికసించింది. "ముప్పై ఏళ్ళుగా వీటి మధ్యే తిరుగుతున్నా. ఇవేమిటని అడిగినవాళ్ళు లేరు" అన్నారు. ఆ రోజు ఆయన భోజనం కూడా చల్లారిపోయింది.

అప్పటి నుంచి మధ్యాహ్నాలు మా ఇద్దరివీ. పాత క్యాలెండర్ కాగితాల వెనక నేను బొమ్మలు వేసేదాన్ని. దుంగ మీది అంకెలు చూసి, ఏ ఏడాది దుంగ మీద ఏం మొలిచిందో పక్కన రాసేదాన్ని. మామయ్య చెప్పేవారు. ఆ తెల్ల విసనకర్రలు బెరడునీ, పైనుండే తెల్లచెక్కనీ మాత్రమే తింటాయట. చేవ జోలికి పోవట. "గట్టి దుంగ మీద కూడా వస్తాయి. వాటిని చూసి హడలిపోకూడదు." చారల అరలు మూడో ఏటికి వస్తాయి. గిన్నెలు పదేళ్ళు దాటితే గానీ రావు.

"మరి ఇది?" అని ఒక దుంగ కొస చూపించాను. గుర్రపు డెక్కలా గట్టిగా, గోధుమరంగులో, అంచు మాత్రం తెల్లగా.

"దానికోసమే నా సుత్తి" అన్నారు మామయ్య. "అది చెట్టు నిలబడి ఉండగానే లోపల చేరుతుంది. ఏళ్ళ తరబడి చేవ తింటూ కూర్చుంటుంది. పైకి ఆకులు పచ్చగానే ఉంటాయి. చెట్టు పడ్డాక, ఒకట్రెండు వానాకాలాల్లో బయటికి ఇలా డెక్క పెడుతుంది. నాకు చెవిలో వినపడింది, మీకు రెండేళ్ళ తర్వాత కంట్లో కనపడుతుంది. అంతే తేడా."

అంటే ఆ బాట పొడుగునా ఉన్న ప్రతి డెక్కా మామయ్య చెవి సరిగ్గా విన్నదనడానికి సాక్ష్యమన్నమాట!

ఇంటి దగ్గర మాత్రం నా పిచ్చికి అత్తయ్య తల పట్టుకుంది. ఎండి ముడుచుకుపోయిన తెల్ల విసనకర్ర ఒకటి తెచ్చి గ్లాసు నీళ్ళలో వేశాను. గంటలో అది మళ్ళీ విచ్చుకుంది. నా సంతోషం పట్టలేక అందర్నీ పిలిచాను. అత్తయ్య వచ్చి చూసి కెవ్వుమంది. అది ఆవిడ టీ తాగే గ్లాసు.

"కోడలొస్తుంది, ఇల్లు చక్కబెడుతుంది అనుకున్నా. అడివిని తెచ్చి నా గ్లాసులో పెట్టింది!"

"చచ్చిందనుకున్నది బతికింది, చూడు అత్తయ్యా!"

"బతికింది సరే. ఆ గ్లాసు చచ్చింది. ఇక అది నీదే, ఉంచుకో."

ఇరవై ఏళ్ళ దుంగల లెక్క రాసుకున్నాను. ఇంటూ గుర్తు ఉన్న ప్రతిదాని మీదా డెక్క ఉంది, లేదా డెక్క రాలిన మచ్చ ఉంది. ఒక్కటీ తప్పలేదు. చివరికి కిందటేడువీ, అంతకు ముందటేడువీ మిగిలాయి. మొత్తం పదకొండు దుంగలు. రెండింటికి డెక్కలు వచ్చాయి. తొమ్మిదింటికి లేవు. బెరడు మీద తెల్ల విసనకర్రలు తప్ప ఇంకేమీ లేవు.

మర్నాడు మామయ్యని అడిగాను. ఆయన అటు తిరిగి సుత్తి పిడి తుడుచుకుంటున్నారు. రెండుసార్లు అడగాల్సి వచ్చింది.

"మామయ్యా, ఈ రెండేళ్ళ దుంగల మీద డెక్కలు రాలేదేం?"

మామయ్య సుత్తి పక్కన పెట్టారు. "వాన చాలలేదేమో" అన్నారు. లేచి వెళ్ళిపోయారు.

వాన చాలకపోవడమేమిటి? కిందటేడు వంతెనే కొట్టుకుపోతే! ఆ సంగతి అప్పుడే తట్టి ఉంటే నేను నోరు మూసుకునేదాన్నేమో. నాకు తట్టింది వేరే. దీని అంతు తేల్చాలి, అంతే. మామయ్య పనిముట్ల పెట్టెలోంచి బర్మా తీసుకుని, కేరియర్ సంచిలో పెట్టుకుని వెళ్ళాను. డెక్కలు రాని దుంగలు మూడింటికి, కొస మీద ఇంటూ గుర్తు పక్కనే, బర్మా తిప్పి జానెడు లోతు కన్నాలు వేశాను. చేతులు బొబ్బలెక్కాయి. బయటికి వచ్చిన చెక్కపొట్టు ఎర్రగా, పొడిగా, కమ్మని వాసనతో ఉంది. మూడింటిదీ మూడు పొట్లాలు కట్టాను.

ఆదివారం మధ్యాహ్నం. బయట జోరు వాన. అందరూ ఇంట్లోనే ఉన్నారు. పరీక్షలో మొదటి మార్కు తెచ్చుకున్న పిల్లలా బల్ల మీద పొట్లాలు విప్పాను.

"ఇవెక్కడివో చెప్పుకోండి! ఇంటూ దుంగల్లోంచి తీశాను. చూడండి మామయ్యా, చేవ ఎంత బాగుందో. డెక్కలు రాకపోవడానికి కారణం ఇదీ. వాటికి తినడానికి లోపల పుచ్చే లేదు!"

మా ఆయన పొట్టు చేతిలోకి తీసుకుని వాసన చూశాడు. "అయితే ఈ రెండేళ్ళలో నా లారీ అప్పుడప్పుడూ సగం ఖాళీగా తిరిగింది ఇందుకా నాన్నా?" అని నవ్వాడు. నవ్వు సగంలో ఆగిపోయింది.

మామయ్య పొట్టు వంక చూస్తూనే ఉన్నారు. తల ఎత్తలేదు.

"ఏమండీ, టీ పెట్టనా?" అని వంటింట్లోంచి అత్తయ్య కేకేసింది. మామయ్య పలకలేదు. "ఏమండీ!" పలకలేదు. రోజూ అయితే ఇక్కడ చెవి పాట మొదలవ్వాలి. అత్తయ్య వంటింటి గడపలోకి వచ్చింది. బల్ల మీది పొట్లాలు చూసింది, మా మొహాలు చూసింది. మెల్లగా నడిచి వచ్చి సరిగ్గా ఆయన కుర్చీ వెనక నిలబడింది.

"ఏమండీ" అంది. మామూలు గొంతుతో.

మామయ్య కదల్లేదు. చూపుడువేలితో పొట్టును అటూ ఇటూ సర్దుతున్నారు.

అత్తయ్య నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. తర్వాత ఆ చేయి తీసి ఆయన భుజం మీద వేసింది. మామయ్య ఉలిక్కిపడి వెనక్కి తిరిగారు. ఆవిడ కళ్ళనిండా నీళ్ళు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పొట్లాలు గబగబా మూటగట్టబోతే మామయ్య నా చేయి ఆపారు.

"ఉంచు" అన్నారు. నా వంక చూసి, "మొన్న వంతెనకిచ్చినవి నాలుగు" అన్నారు.

మర్నాడు పొద్దున్నే, వాన తెరిపి ఇవ్వగానే, సుత్తి భుజాన వేసుకుని బయల్దేరారు. "బర్మా పట్టుకుని రా అమ్మాయ్" అన్నారు. దారిలో ఆయనే చెప్పారు. నేను ఏమీ అడగలేదు. నా జన్మలో అడక్కుండా విన్నది అదొక్కటే.

"మొదట్లో వరసబెట్టి మొద్దుగానే పలికాయి. చెట్లే పాడైపోయాయి అనుకున్నా. ఇంటూ కొట్టుకుంటూ పోయా. ఇన్ని ఇంటూలేమిటని ఆఫీసరు అడిగాడు. అప్పుడు తెలిసొచ్చింది, పాడైంది చెట్లు కాదని. ఇక అక్కణ్ణుంచి బెరడు చూసి, బరువు చూసి, అంచనాగా ముద్ర కొట్టేస్తున్నా."

"ఇంట్లో అయినా చెప్పొచ్చు కదా మామయ్యా?" ఆయన ముందుకు వెళ్ళి నిలబడి, నోరు కనపడేలా అన్నాను.

"చెప్తే సుత్తి ఇచ్చెయ్యాలిగా" అన్నారు. ఆ మాట విని నాకు ఏడుపొచ్చింది. ఆయన అప్పటికే ముందుకు నడుస్తున్నారు.

వంతెన దగ్గర నాలుగు దుంగలూ గట్టు నుంచి గట్టుకి పరిచి ఉన్నాయి. రెండింటి మీద పలకలు కూడా కొట్టేస్తున్నారు. పిల్లలు కొందరు ఒడ్డున నిలబడి చూస్తున్నారు. ఇంకో వారంలో దాటొచ్చని మేస్త్రి వాళ్ళకి మాటిచ్చాడట. నేను ఒక్కో దుంగ కొసా వంగి చూసుకుంటూ వెళ్ళాను. మొదటిదానికి తెల్ల విసనకర్రలు. భయం లేదు. రెండోదానికి ఏమీ లేదు. మూడోదాని కొస మీద, ఆకు ముద్రకి రెండంగుళాల కింద, బొటనవేలంత గోధుమరంగు బుడిపె. అంచు తెల్లగా ఉంది.

మేస్త్రి వచ్చి చూశాడు. "దీనికా ఇంత హడావుడి? కుక్కగొడుగండీ, వానకి రాదా మరి?" అని తాపీ అంచుతో ఒక్క గీకు గీకాడు. బుడిపె నీళ్ళలో పడి కొట్టుకుపోయింది.

"గీకితే పోయేది కాదయ్యా అది" అన్నారు మామయ్య. నావైపు తిరిగారు. "అటు కొసకి వెళ్ళి చెవి పెట్టు."

పరిచిన దుంగల మీదుగానే దాటి, అవతలి గట్టు మీద మోకాళ్ళ మీద కూర్చుని, తడి కర్రకి చెవి ఆనించాను. మామయ్య ఇవతలి నుంచి ఒక్కోదాన్నీ కొట్టారు. మొదటిది ఖంగుమంది. ఎంత అందంగా మోగిందంటే, ముప్పై ఏళ్ళు ఆయన వింటూ బతికింది దీన్నా అనిపించింది. రెండోదీ మోగింది. మూడోది కొట్టారు. తడిసిన బస్తాని కొట్టినట్టుంది. నాలుగోది మళ్ళీ మోగింది.

తిరిగి వచ్చాను. పనివాళ్ళంతా సుత్తులు ఆపి చూస్తున్నారు.

"ఏమంది?" అన్నారు మామయ్య.

మూడు వేళ్ళు చూపించి, తల అడ్డంగా ఊపాను.

ఆయన మేస్త్రి వైపు తిరిగారు. "మూడోది తీసెయ్. పుచ్చింది. నేనే తప్పు ముద్ర కొట్టా. నాకు చెవులు వినపడటం లేదు. రెండేళ్ళయింది" అన్నారు. టైమెంతో చెప్పినంత మామూలుగా అన్నారు. మేస్త్రి నమ్మలేదు. బర్మా తనే తీసుకుని తిప్పాడు. జానెడు వరకు బిగువుగా దిగింది. ఆ తర్వాత ఒక్కసారిగా, వెన్నలోకి దిగినట్టు, పిడి దాకా దిగిపోయింది. బయటికి వచ్చింది పొట్టు కాదు. మరిగించి పారేసిన టీ పొడి లాంటి తడి మట్టి. మేస్త్రి ఒడ్డున ఉన్న పిల్లల వంక ఒకసారి చూసి, పలకల మేకులు ఊడబీకమని మనుషులకి సైగ చేశాడు.

ఆ వానాకాలంలో అంత పొడుగు దుంగ మళ్ళీ ఎక్కడ దొరుకుతుందని అందరూ తలలు బాదుకున్నారు. నాకు తెలుసు ఎక్కడుందో. నా క్యాలెండర్ కాగితాల్లో ఉంది: డెక్క రాని తొమ్మిదింట్లో అన్నిటికంటే పొడుగుది, బాట మలుపు దగ్గరిది.

మా ఆయన లారీ తెచ్చాడు. అత్తయ్య కూడా వచ్చింది. అడివంటేనే చిరాకు పడే మనిషి, గొడుగు పట్టుకుని బురదలో అరగంట నడిచి వచ్చింది. ఆ ఆదివారం తర్వాత ఆవిడ కేకలేయడం మానేసింది. చెప్పాలనుకున్నది మామయ్య ఎదురుగా వచ్చి కూర్చుని, మెల్లగా, నోరు కనపడేలా చెప్పేది. ఆయన ఆవిడ మొహంలోంచి చూపు తిప్పకుండా వినేవారు. "ముప్పై ఏళ్ళ కాపురంలో ఈయన నా మాట వింటున్నది ఇప్పుడేనే" అని నాతో అని, నవ్వి, వెంటనే కళ్ళు తుడుచుకునేది.

దుంగ మీది మట్టి తుడిచాక మామయ్య కొట్టారు. నేను రెండో కొస దగ్గర విన్నాను. మోగింది. తల ఊపాను.

"ఇంకోసారి విను" అన్నారు. మళ్ళీ కొట్టారు. మళ్ళీ మోగింది. "ఇంకోసారి. నీ మాట మీద పిల్లలు నడుస్తారు."

మూడోసారి కళ్ళు మూసుకుని విన్నాను. లేచి ఆయన దగ్గరికి వచ్చి, "గట్టిది మామయ్యా" అన్నాను. ఆయన నా పెదాలు చూశారు. సుత్తి తిప్పి, పిడి నావైపు పెట్టారు.

"విన్నది నువ్వు. ముద్ర నువ్వే కొట్టాలి."

"నాకు రాదు మామయ్యా."

"నాకూ రాదు, మొదటి రోజు" అన్నారు.

బొబ్బలెక్కిన రెండు చేతులతో ఎత్తి కొట్టాను. ఆకు తలకిందులుగా పడింది. అత్తయ్య గొడుగు కింద నుంచి "అదేంటే, ఆకు చెట్టుకే వేలాడుతున్నట్టుంది!" అంది. అందరం నవ్వాం. మామయ్య ఎందుకు నవ్వుతున్నామో అత్తయ్యని అడిగి, తెలుసుకుని, అందరి కంటే ఆలస్యంగా, అందరి కంటే ఎక్కువసేపు నవ్వారు.

తీసేసిన వంతెన దుంగని బాట పక్కకి దొర్లించి, నేనే ఇంటూ చెక్కాను. ఏడాది అంకెలు చెక్కాను. మరుసటి వానాకాలానికే దానికి చేటలంత డెక్కలు మూడు వచ్చాయి. ఇప్పుడు ఆ దుంగ లేదు. అక్కడ నేల మీద మెత్తని గుట్ట, దాని నిండా నారింజరంగు గిన్నెలు.

వంతెన మాత్రం ఉంది. మూడోదాని చోట వేసిన దుంగ కొస మీద ఇంటూ గుర్తూ ఉంది, దాని పక్కన తలకిందుల ఆకూ ఉంది. కొత్తవాళ్ళు చూసి ఇదేం విడ్డూరమని అడుగుతారు. నేను ఆ సుత్తి భుజాన వేసుకుని ఆ దారినే పనికి వెళ్తాను. వాన పడ్డ మర్నాడు తప్పకుండా ఆ కొస దగ్గర ఆగి, వంగి, వేలితో తడిమి చూస్తాను. ఇరవై రెండు వానాకాలాలు అయ్యాయి. ఇంతవరకు ఏమీ మొలవలేదు.